దారుల పోరు – 14: ట్యాంకులోని చమురుకు సుంకం లేదు

గత భాగాన్ని రైలుకూ లారీకీ నడిచిన గొడవ దగ్గర ఆపాం. 1938 నవంబరులో బ్రిటన్‌లోని నాలుగు పెద్ద రైల్వే కంపెనీలు ఒక్కటై, లారీలకున్న స్వేచ్ఛే తమకూ ఇమ్మని ప్రభుత్వాన్ని అడిగాయి. ఎవరు ఏ సరుకు తెచ్చినా కాదనకూడదు, రేట్లు ముందే అచ్చువేసి అందరికీ చూపాలి, ఒకరికి తగ్గించి ఇంకొకరికి పెంచకూడదు. రైలుకు ఎదురులేని రోజుల్లో చట్టం వేసిన కట్లు ఇవి. లారీ యజమాని ఆ అచ్చు రేట్లు చూసుకుని, వాటికన్నా కాస్త తక్కువ చెప్పి, గిట్టుబాటయ్యే సరుకు ఎత్తుకుపోయేవాడు. బరువెక్కువ, రాబడి తక్కువ ఉన్న సరుకు రైలుకు మిగిలేది. మన దగ్గర నిజాం రైల్వే ఈ ముప్పును ముందే పసిగట్టి 1932లో 27 బస్సులతో తానే రోడ్డెక్కిన కథ కూడా చెప్పుకున్నాం.

ఈ ధారావాహిక మొదటినుంచీ చదువుతున్నవారు ఒక సంగతి గమనించే ఉంటారు. కొత్త వాహనం ఏది వచ్చినా సర్కారు దాని మీద పన్ను వేయడానికి ఎక్కువ కాలం ఆగలేదు. బ్రిటన్‌లో గుర్రపు కోచ్‌లు పన్ను కడుతున్నాయి కాబట్టి రైలూ కట్టాలని 1832లో ప్రయాణికుల పన్ను వేశారు. అది 1929 దాకా రైల్వేలను వదల్లేదు. మోటారు వచ్చాక 1909 బడ్జెట్‌లో లాయిడ్ జార్జి పెట్రోలు గాలన్‌కు మూడు పెన్నీలు వేశాడు. మన దేశంలో 1929లో గాలన్ పెట్రోలు మీద సుంకం నాలుగణాల నుంచి ఆరణాలకు పెంచి, ఆ అదనపు రెండణాలనూ రోడ్ల నిధికి మళ్లించారు. కోచ్ కట్టింది, రైలు కట్టింది, కారూ బస్సూ లారీ కట్టాయి. ఆ వరసలో తర్వాత రావాల్సింది విమానం. అది మాత్రం వరసలోకి రాలేదు. ఎందుకు రాలేదన్నదే ఈ భాగం కథ.

స్టీవెన్స్ హోటల్లో ఐదు వారాలు

1944 నవంబరు 1. షికాగో నగరంలో, మిషిగన్ సరస్సుకు ఎదురుగా స్టీవెన్స్ హోటల్. మూడు వేల గదులతో అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద హోటల్ అది. రెండేళ్ల కిందట అమెరికా సైన్యం దాన్ని కొనేసి, నాట్యాలకూ విందులకూ కట్టిన హాళ్లలో సైనికులకు శిక్షణ ఇచ్చింది. ఆ హోటల్లోకి ఇప్పుడు యాభైకి పైగా దేశాల ప్రతినిధులు దిగారు. యూరప్‌లో జర్మనీ ఇంకా లొంగలేదు, పసిఫిక్‌లో జపాన్ ఇంకా పోరాడుతోంది. అయినా యుద్ధం తర్వాత ఆకాశం ఎవరిదన్నది అప్పుడే తేల్చుకోవాలని అమెరికా పట్టుబట్టి అందరినీ పిలిచింది.

సోవియట్ ప్రతినిధులు బయలుదేరి కూడా రాలేదు. స్పెయిన్, పోర్చుగల్, స్విట్జర్లాండ్‌లను పిలిచినచోట తాము కూర్చోమని మాస్కో వారిని దారిలోనే వెనక్కి రప్పించింది. భారత ప్రతినిధి బృందానికి వాషింగ్టన్‌లో మన ఏజెంట్ జనరల్‌గా ఉన్న సర్ గిరిజాశంకర్ బాజ్‌పాయ్ నాయకత్వం వహించాడు. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. ఈ సభలో పుట్టబోతున్న అంతర్జాతీయ విమానయాన సంస్థ మండలికి జరిగిన ఎన్నికలో మొదట మనకు చోటు దక్కలేదు. అంత పెద్ద దేశాన్ని, తూర్పు పడమరల మధ్య విమానాలు దిగక తప్పని దేశాన్ని బయట ఉంచడం సరికాదన్న మాట పుట్టాక, క్యూబా తన స్థానాన్ని వదులుకుని భారత్‌కు దారిచ్చింది. వైమానిక చరిత్రలో క్యూబా చేసిన ఈ మర్యాదను మనం ఎక్కడా పెద్దగా చెప్పుకోం. చెప్పుకోవాలి.

అసలు కుస్తీ అమెరికాకూ బ్రిటన్‌కూ మధ్య. యుద్ధంలో పని పంచుకున్నప్పుడు మనుషులనూ సరుకునూ మోసే పెద్ద విమానాల తయారీ అమెరికా వంతుకు వచ్చింది. బ్రిటన్ కర్మాగారాలు ఫైటర్లూ బాంబర్లూ చేస్తూ కూర్చున్నాయి. కాబట్టి తుపాకులు ఆగిన మర్నాడే ప్రయాణికులతో ఎగరగల విమానాలు అమెరికా దగ్గర వందల్లో ఉంటాయి, బ్రిటన్ దగ్గర దాదాపు ఉండవు. అయితే బ్రిటన్ దగ్గర ఇంకొకటుంది. ఆనాటి విమానం ఒక్క ఊపులో ప్రపంచం దాటలేదు. ఎక్కడో ఒకచోట దిగాలి, ఇంధనం పోసుకోవాలి. ఆ దిగే చోట్లలో చాలావాటి మీద బ్రిటిష్ జెండా ఎగురుతోంది. కరాచీ, కలకత్తా, సింగపూర్, ఇంకా సముద్రాల మధ్య దీవులు.

అమెరికా జట్టు నాయకుడు అడాల్ఫ్ బెర్లీ. ఆకాశం తెరవండి, ఎవరి సత్తా కొద్దీ వారు ఎగురుతారు అన్నది ఆయన వాదం. బ్రిటన్ మంత్రి లార్డ్ స్వింటన్ దీనికి ఒప్పుకోలేదు. ఎవరు వారానికెన్ని విమానాలు నడపాలో, టిక్కెట్టు ఎంతుండాలో లెక్క ప్రకారం పంచాలన్నాడు. మాట ముదిరి రూజ్‌వెల్ట్, చర్చిల్ మధ్య తంతి యుద్ధంగా మారింది. ఈ విషయంలో మీరు మొండికేస్తే, మీకు అందుతున్న యుద్ధ సాయం గురించి మా కాంగ్రెస్ మనసు మారొచ్చన్న అర్థం వచ్చేలా రూజ్‌వెల్ట్ రాశాడు. మిత్రదేశాలు భుజం భుజం కలిపి పోరాడుతున్న వారాల్లో వచ్చిన తంతి ఇది. అయినా చర్చిల్ లొంగలేదు. చివరికి బెర్లీనే సభ ముగియకముందే విదేశాంగ శాఖలోని తన పదవి పోగొట్టుకుని, తర్వాత బ్రెజిల్‌కు రాయబారిగా వెళ్లాడు.

డిసెంబరు 7న 52 దేశాలు ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఎవరి ఆకాశం వారిదే అన్న మొదటి అధికరణం దగ్గర పెద్ద తగువు లేదు. విమానాల సంఖ్య, చార్జీల తగువు మాత్రం తేలకుండానే మిగిలిపోయింది. రెండేసి దేశాలు విడిగా కూర్చుని మాట్లాడుకోవాల్సిందే అని వదిలేశారు. ఆ వదిలేయడమే మన కథకు మలుపు.

ఇరవై నాలుగో అధికరణం

ఇంత గొడవ మధ్య ఒడంబడికలో సుంకాల గురించి ఒక చిన్న అధికరణం ఉంది, ఇరవై నాలుగోది. దాని సారం ఇంతే. ఒక దేశపు విమానం ఇంకో దేశంలో దిగినప్పుడు దాని ట్యాంకులో ఉన్న ఇంధనం, కందెన నూనెలు, దానిలోని విడిభాగాలు, సామగ్రి, తిరిగి అదే విమానంలో వెళ్లిపోయేటట్టయితే వాటిమీద కస్టమ్స్ సుంకం గానీ అలాంటి ఇతర పన్నులు గానీ వేయకూడదు.

ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. లండన్‌లో బయలుదేరిన విమానం కైరో, కరాచీ, కలకత్తాల్లో దిగి ముందుకు పోవాలి. దిగిన ప్రతిచోటా కస్టమ్స్ గుమాస్తా కొలబద్ద పట్టుకుని రెక్క ఎక్కి, ట్యాంకులో ఎన్ని గాలన్లు మిగిలాయో చూసి, అది తమ దేశంలోకి దిగుమతైన చమురని రసీదు రాస్తే ఆ విమానం సాయంత్రానికైనా లేస్తుందా? ఓడల దగ్గర ఇలాంటి వాడుక చాలాకాలంగా ఉన్నదే. రేవుకొచ్చిన ఓడ కొట్లో ఉన్న బొగ్గునూ బియ్యాన్నీ దిగుమతి సరుకుగా చూడరు. ఓడ నియమాన్నే విమానానికి దించారు.

అయితే ఒడంబడిక చెప్పింది వచ్చిన విమానం ట్యాంకులో అప్పటికే ఉన్న ఇంధనం గురించి. ఆ విమానాశ్రయంలో కొత్తగా పోసుకునే ఇంధనం గురించి అది ఏమీ చెప్పలేదు. ఆ ఇంధనం మీద పన్ను వేయొద్దని షికాగోలో ఎవరూ సంతకం చేయలేదు. ఇప్పటికీ ఈ ప్రస్తావన వస్తే, షికాగో ఒడంబడిక అడ్డొస్తోంది, మా చేతిలో ఏముందని మంత్రులు అనడం, పత్రికలు అదే అచ్చువేయడం మామూలైపోయింది. ఎనభై ఏళ్లుగా నడుస్తున్న పొరపాటు ఇది. కొందరి విషయంలో తెలిసి చేసే పొరపాటని కూడా నా అనుమానం. అడ్డు నిజంగానే ఉంది, కానీ అది షికాగోలో కాదు, ఆ తర్వాత రెండేసి దేశాలు రాసుకున్న ఒప్పందాల్లో పుట్టింది.

ఒప్పందం వెంట ఒప్పందం

1946 ఫిబ్రవరిలో అమెరికా, బ్రిటన్ బెర్ముడా దీవిలో కూర్చుని తమ తగువు తేల్చుకున్నాయి. అక్కడ రాసుకున్న ఒప్పందం అచ్చు లాంటిదైంది. ఏ రెండు దేశాలు విమానాల గురించి మాట్లాడుకున్నా అదే ముందు పెట్టుకుని, పేర్లూ ఊళ్లూ మార్చుకునేవి. అందులో ఇంధనం మీద సుంకాల విషయం కూడా ఉంది. మొదట్లో ఆ వాక్యం, మీ విమానాలను మా విమానాలకన్నా తక్కువగా చూడం అన్నంతవరకే. తర్వాతి ఒప్పందాల్లో అది పెరుగుతూ పోయింది. మీ విమానం మా ఊళ్లో పోసుకునే ఇంధనం మీద మేం పన్ను వేయం, మా విమానం మీ ఊళ్లో పోసుకునేదాని మీద మీరూ వేయొద్దు. ఇలాంటి ఒప్పందాలు వేలల్లో చేరాయి. మాంట్రియల్లో వెలిసిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మండలి కూడా అంతర్జాతీయ విమానాల ఇంధనానికి మినహాయింపు ఇవ్వాలని తీర్మానాలు చేస్తూ వచ్చింది. తీర్మానం చట్టం కాదు. కానీ నలుగురూ నడిచే దారిలో విడిగా నడవడానికి ఏ దేశమూ సాహసించలేదు.

దేశాలు ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాయి? ఆనాటి ఆర్థిక మంత్రి కుర్చీలో కూర్చుని చూస్తే అర్థమవుతుంది. విమాన సంస్థలు చాలాచోట్ల ప్రభుత్వానివే. సొంత సంస్థ మీద పన్ను వేస్తే నష్టం కింద మళ్లీ ఖజానా నుంచే ఇవ్వాలి. హైదరాబాద్‌నే చూడండి. 1945లో బేగంపేట కేంద్రంగా పుట్టిన దక్కన్ ఎయిర్‌వేస్‌లో పెద్ద వాటా నిజాం సర్కారుది, మిగతాదాంట్లో టాటాలు. రైలూ, బస్సూ, విమానమూ ఒకే సర్కారు నీడన ఉన్న అరుదైన రాజ్యం అది. అలాంటిచోట ఎవరు ఎవరితో పోటీ పడుతున్నారన్న ప్రశ్నే రాదు. 1953లో జాతీయీకరణతో దక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

రెండో కారణం భయం. రైలు పట్టాలు విడిచి పోలేదు. లారీ సరిహద్దు దాటి చమురు పోసుకుని రాగలదు గానీ ఎంతని పోసుకుంటుంది? విమానం అలా కాదు. ఒక ఊళ్లో ఇంధనం ప్రియమైతే పక్క దేశంలో ట్యాంకు నింపుకుని వచ్చి, ఇక్కడ చుక్క కూడా కొనకుండా వెళ్లిపోగలదు. అదనంగా మోసిన బరువుకు కాస్త ఇంధనం వృథా అయినా లెక్కలో లాభమే. ఆమ్‌స్టర్‌డామ్ పన్ను వేస్తే బ్రస్సెల్స్ బాగుపడుతుంది, బ్రస్సెల్స్ వేస్తే పారిస్. అందరూ కలిసి వేస్తే ఎవరికీ నష్టం లేదు. కానీ ముందు ఎవరు వేయాలి? ఎవరూ వేయలేదు.

షానన్‌లో ఆగిన విమానాలు

ఆ రోజుల్లో ఇంధనానికున్న విలువ తెలియాలంటే ఐర్లండ్ పడమటి కొసన ఉన్న షానన్ చూడాలి. చుట్టూ పచ్చిక, చిత్తడి నేలలు, చిన్న పల్లెలు. పెద్ద ఊరంటే లిమరిక్ ఒక్కటే. అలాంటిచోట 1940ల చివర న్యూయార్క్ నుంచి లండన్‌కో పారిస్‌కో పోయే విమానాలు వరసకట్టి దిగేవి. కారణం ఒక్కటే. అటు న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్‌లో ట్యాంకు నింపుకుని లేస్తే, అట్లాంటిక్ దాటగానే మళ్లీ నింపుకునే మొదటి నేల ఇదే. పిస్టన్ ఇంజన్లు తాగే పెట్రోలును గొట్టాలతో రెక్కల్లోకి ఎక్కిస్తుంటే, ప్రయాణికులు కాళ్లు సాగదీసుకోవడానికి దిగి భోజనశాలలోకి నడిచేవారు. రాత్రి రెండింటికీ మూడింటికీ కూడా అక్కడ వేడి వేడి భోజనం వడ్డించేవారు.

ఆ భోజనశాల చూసుకునే బ్రెండన్ ఓరీగన్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఈ ప్రయాణికులు ఐర్లండ్‌లోకి రావడం లేదు, అలా తాకి వెళ్లిపోతున్నారు. వారి విమానంలోని ఇంధనం దిగుమతి కానప్పుడు వారి సంచిలోని విస్కీ సీసా మాత్రం ఇక్కడి సరుకు ఎలా అవుతుంది? 1947లో ఐరిష్ పార్లమెంటు షానన్‌ను సుంకాల్లేని విమానాశ్రయంగా ప్రకటించింది. ఓరీగన్ ఒక చిన్న దుకాణం తెరిచాడు. విమానాశ్రయాల్లో డ్యూటీ ఫ్రీ దుకాణాలకు అదే తొలి మెట్టు. ఇవాళ దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో అత్తరు సీసా కొనుక్కుని శంషాబాద్‌లో దిగే మనవాళ్లు ఆ షానన్ దుకాణం పెట్టిన దారిలోనే నడుస్తున్నారు. విమానం రెక్క కింద గీసిన సుంకాల్లేని గీత ప్రయాణికుడి సంచి దాకా వచ్చింది.

1958 అక్టోబరులో జెట్‌లు అట్లాంటిక్ దాటడం మొదలుపెట్టాయి. పెట్రోలు పోయి కిరసనాయిలు జాతి ఇంధనం వచ్చింది. కొన్నేళ్లలోనే జెట్‌లకు షానన్‌లో ఆగాల్సిన పని లేకుండా పోయింది. విమానయానం పసిపాపలా సాకాల్సిన పరిశ్రమ అన్న 1944 నాటి మాట అప్పటికే పాతబడింది. ఖండాల మధ్య ప్రయాణికుల ఓడలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. అయినా ఒప్పందాల్లోని ఇంధన వాక్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

రైల్వేలు ఊరుకున్నాయా? లేదు. 1957 జూన్‌లో పశ్చిమ యూరప్ రైల్వేలు కలిసి ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్ రైళ్లు మొదలుపెట్టాయి. అన్నీ మొదటి తరగతే, మంచి భోజనం, పాస్‌పోర్టు తనిఖీ కదిలే రైల్లోనే. పొద్దున వెళ్లి పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరే వ్యాపారస్తుడిని విమానానికి వదలకూడదని వాటి ఆశ. ఒక్కో దేశంలో ఒక్కో రకం కరెంటు కాబట్టి తొలి రైళ్లు డీజిల్‌తో నడిచాయి. కొంతకాలం గట్టిగానే నిలబడ్డాయి. కానీ అప్పటికి పోటీ వేగంలోనూ సౌకర్యంలోనూ మాత్రమే. పన్నుల సంగతి కోర్టుకెక్కడానికి ఇంకో నలభై ఏళ్లు పట్టింది.

ఒకే కప్పు కింద

యూరప్‌లో ఏకైక విపణి ఏర్పడుతున్నప్పుడు, 1992లో, చమురు ఉత్పత్తుల మీద ఎక్సైజ్ పన్నుల గురించి అందరికీ వర్తించే ఒక ఆదేశం వచ్చింది. అందులో సొంత సరదా కోసం ఎగిరే విమానాలను వదిలి, మిగతా అన్ని విమానాల ఇంధనానికీ మినహాయింపు తప్పనిసరి చేశారు. అంతకుముందు ఇవ్వాలా వద్దా అన్నది దేశం ఇష్టం. ఇప్పుడు ఇచ్చి తీరాలి. దేశం లోపలే ఎగిరే విమానానికి కూడా ఇవ్వాలి. దీని దెబ్బ మొదట స్వీడన్‌కు తగిలింది. ఆ దేశం తన లోపలి విమానాల మీద ఇంధన వాడకాన్నీ వాయువుల విడుదలనూ లెక్కగట్టి పర్యావరణ పన్ను వసూలు చేసింది. బ్రాథెన్స్ అనే విమాన సంస్థ ఎదురుతిరిగింది. 1999 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం ఆ పన్ను ఇంధనం మీద పన్నేనని, ఆదేశానికి విరుద్ధమని తేల్చింది.

అదే 1999లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దూరప్రాంత రైళ్ల కోసం ఒక పెద్ద స్టేషను తెరిచారు. పొడవైన గాజు కప్పు, కింద ఐసీఈ అనే హైస్పీడ్ రైళ్లు. పెట్టె లాక్కుంటూ వచ్చిన ప్రయాణికుడు అటు తిరిగితే రైలెక్కుతాడు, ఇటు తిరిగితే విమానమెక్కుతాడు. పోటీ అంటే ఏమిటో ఇంత స్పష్టంగా కనిపించే చోటు ఇంకోటి ఉండదు. రైలు నడిపే కరెంటు మీద పన్ను ఉంది, కొంత రాయితీతోనైనా ఉంది. డీజిల్ మీద ఉంది. విమానం రెక్క దగ్గర ఇంధనం బండి ఆగి గొట్టం బిగించాక, మీటరు తిరిగిన లీటర్లు, ఇంధనం వేడి, సాంద్రత అన్నీ రసీదు మీద రాస్తారు. ఎక్సైజ్ మాత్రం సున్నా.

అప్పటికి రంగంలో చవక విమానాలు దిగాయి. 1997 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశపు విమాన సంస్థ అయినా ఏ దేశం లోపలైనా నడపొచ్చు. 1999లో రయానెయిర్ ఒకనాటి అమెరికా సైనిక స్థావరమైన హాన్‌కు వచ్చి, దాన్ని ఫ్రాంక్‌ఫర్ట్ పేరుతో అమ్మడం మొదలుపెట్టింది. రైలు టిక్కెట్టులో చిన్న ముక్కకు జర్మనీ దాటే ప్రయాణం. 2002లో జర్మన్ రైల్వే సంస్థ డాయిష్ బాన్ యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. మేం కట్టే పన్ను మా పోటీదారు కట్టడం లేదు, ఇది మా ప్రభుత్వం వారికి ఇస్తున్న దొంగచాటు సాయమే, మీరు ఆపాలి అంది. కమిషన్ కాదంది. సంస్థ లక్సెంబర్గ్‌లోని న్యాయస్థానానికి వెళ్లింది.

2006 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. రైల్వే ఓడిపోయింది. మినహాయింపు ఇవ్వాలన్నది యూరోపియన్ ఆదేశం, జర్మనీ దాన్ని అమలు చేసిందంతే. కాబట్టి అది జర్మనీ ఇచ్చిన సాయం కిందికి రాదు. ఇది మొదటి మాట. రైలూ విమానమూ నడిచే తీరు, ఖర్చుల తీరు, వాటిమీద ఉన్న నియమాలు వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టలేం. ఇది రెండో మాట. ప్రపంచమంతా అంతర్జాతీయ విమానాల ఇంధనాన్ని వదిలేస్తుంటే యూరప్ ఒక్కటే పన్ను వేస్తే పోటీ దెబ్బతింటుంది. ఇది మూడోది.

చట్టం వరకు మొదటి మాటకు ఎదురు చెప్పలేం. రెండోది నాకు ఎన్నిసార్లు చదివినా మింగుడుపడదు. కొలోన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2002లోనే కొత్త హైస్పీడ్ లైను తెరిచారు. రైలు గంటకు అటూ ఇటూగా చేరుస్తుంటే, లుఫ్తాన్సా కొన్నేళ్లలో ఆ రెండు ఊళ్ల మధ్య విమానాలు మానేసి, తన ప్రయాణికులకు అదే రైల్లో సీట్లు ఇచ్చింది. ప్రయాణికుడికి రెండూ ఒకటే అని విమాన సంస్థే ఒప్పుకున్నచోట, వాటి పరిస్థితులు వేరని కోర్టు అనడం నేల మీద నడిచే సంగతి కాదు. మూడో మాట అంతర్జాతీయ మార్గాలకు చెల్లుతుందేమో. మ్యూనిక్ నుంచి హాంబర్గ్‌కు ఎగిరే విమానం ఏ దేశంతో పోటీ పడుతోంది?

విమాన సంస్థల వాదన కూడా పక్కన పెట్టదగ్గది కాదు. దిగడానికి రుసుము, ఆకాశంలో దారి చూపినందుకు రుసుము, విమానాశ్రయం వాడినందుకు రుసుము, అన్నీ మేమే కడతాం, రైలు పట్టాలు మాత్రం ప్రజల డబ్బుతో వేస్తారు అంటారు వారు. పట్టాల మాట నిజం. హైస్పీడ్ లైన్లకు ప్రభుత్వాలు పోసిన సొమ్ము చిన్నది కాదు. కానీ రైల్వేకు ఇచ్చే డబ్బు ఏటా బడ్జెట్‌లో కనిపిస్తుంది, చట్టసభలో దాని మీద ప్రశ్న వేయొచ్చు, వచ్చే ఏడు తగ్గించొచ్చు. వసూలు చేయని పన్ను ఏ పద్దులోనూ పెద్ద అక్షరాల్లో కనిపించదు. దాన్ని ఎవరూ ఏటా ఓటుకు పెట్టరు. నాకు ఇందులో ఎక్కువ అన్యాయంగా తోచేది ఇదే.

తలుపు కొంచెం తెరిచారు

కోర్టులో కేసు నడుస్తుండగానే, 2003లో, యూరప్ ఆ పాత ఆదేశాన్ని మార్చి రాసింది. దేశం లోపలి విమానాల ఇంధనం మీద ఎవరికి వారు పన్ను వేసుకోవచ్చు, రెండు దేశాలు ఒప్పుకుంటే వాటి మధ్య ఎగిరేవాటి మీదా వేసుకోవచ్చు అంది. నెదర్లాండ్స్ 2005లో తన లోపలి విమానాల మీద వేసింది. అంత చిన్న దేశంలో లోపల ఎగిరేవి ఎన్నని? మిగతావారు కదల్లేదు. అదే ఆదేశం ప్రకారం కారులో పోసుకునే సీసం లేని పెట్రోలు మీద వెయ్యి లీటర్లకు కనీసం 359 యూరోలు పన్ను ఉండాలి. వాహనాల్లో వాడే కిరోసిన్‌కు 2010 నుంచి కనీసం 330. పదివేల లీటర్లు పోసుకున్న విమానం మీద ఆ రేటు వేస్తే 3,300 యూరోలు. మినహాయింపు ఉంది కాబట్టి సున్నా.

ఇంధనాన్ని ముట్టుకోలేని ప్రభుత్వాలు ప్రయాణికుడి మీద పడ్డాయి. బ్రిటన్ 1994 నవంబరులో తలకు ఐదు పౌండ్లు, దూరమైతే పది పౌండ్లు వేసింది. సముద్రం కింది సొరంగంలో యూరోస్టార్ రైళ్లు మొదలైంది కూడా ఆ నెలలోనే. జర్మనీ 2011లో టిక్కెట్టు పన్ను తెచ్చింది. అయితే తల లెక్కన వేసే పన్నులో ఒక లోపం ఉంది. సగం ఖాళీగా ఎగిరి ఎక్కువ ఇంధనం తగలేసిన విమానం, నిండుగా ఎగిరిన విమానంకన్నా తక్కువ కడుతుంది. ఇంధనం మీద పన్నైతే వృథా చేసినవాడే ఎక్కువ కట్టేవాడు. రైలుకు ఊరట కూడా ఆలస్యంగానే వచ్చింది. జర్మనీలో దూరప్రాంత రైలు టిక్కెట్ల మీద వ్యాట్ 19 శాతం నుంచి 7 శాతానికి తగ్గింది 2020లో. దేశం దాటే విమానం టిక్కెట్టుకు ఆ వ్యాట్ అంతకుముందూ లేదు, ఇప్పుడూ లేదు.

2021 జులైలో యూరోపియన్ కమిషన్ మళ్లీ కదిలింది. యూనియన్ లోపలి విమానాల ఇంధనం మీద పదేళ్లలో మెల్లగా పన్ను పెంచుకుంటూ పోదామని ప్రతిపాదించింది. పన్నుల విషయంలో సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలి, ఒక్కటి కాదన్నా ఆగిపోతుంది. దీవులూ పర్యాటకమే ఆధారంగా బతికే మాల్టా, సైప్రస్ లాంటి దేశాలకు రైలెక్కి రండి అని ఎవరు చెప్పగలరు? వారి భయం నిజమైన భయం. ప్రతిపాదన ఏళ్ల తరబడి చర్చల బల్ల మీదే నలిగింది.

వచ్చే భాగంలో మన దేశానికి వద్దాం. ఇక్కడ కథ తలకిందులు. దేశం లోపల ఎగిరే విమానం ఇంధనం మీద కేంద్రం ఎక్సైజ్ వేసింది, దాని మీద రాష్ట్రాలు వ్యాట్ వేశాయి. 2017లో జీఎస్టీ వచ్చినా ఈ ఇంధనాన్ని బయటే ఉంచారు. కొన్ని రాష్ట్రాల్లో 1 శాతం, కొన్నిట్లో పాతిక దాటి. యూరప్‌లో దేశాల మధ్య జరిగిన పోటీ ఇక్కడ రాష్ట్రాల మధ్య నడిచింది. విమానాలను రప్పించుకోవడానికి ఆంధ్రప్రదేశ్ విభజన తర్వాత ఆ పన్నును 16 నుంచి 1 శాతానికి ఎందుకు దించింది, ట్యాంకు ఎక్కడ నింపుకోవాలో విమాన సంస్థలు ఎలా లెక్కలేసుకున్నాయి, సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే ఏసీ రైలు ప్రయాణికుడు ఎప్పుడు విమానం వైపు తిరిగాడు, ఈ మూడూ అక్కడ చెప్పుకుందాం.